రోటరీ ఎగ్జాస్ట్ సెట్టు తీసుకున్నవాళ్లు ఇంజన్ స్టార్ట్ చేయకండి

ముందు అసలు విషయం. పోయిన దసరా తర్వాత మా షాపులో, విమానంలో పెట్టుకునే మాజ్డా 13బి రోటరీ ఇంజన్‌కి ఎగ్జాస్ట్ సెట్టు (పొగ గొట్టాలు) చేయించుకున్న 9 మందికీ ఇది రాస్తున్నాను. దయచేసి ఇంజన్ స్టార్ట్ చేయకండి. ఎగరడమే కాదు, నేల మీద రన్ కూడా వద్దు. సెట్టు విప్పి పంపించండి. కొత్తది చేసిస్తాను. రానుపోను రవాణా ఖర్చు కూడా నాదే.

మీలో ఒక మాస్టారు రెండు సీట్ల విమానం సొంతంగా కట్టుకుంటున్నారు. గ్రౌండ్ రన్‌లో శబ్దం మారిందని ఫోన్ చేశారు. ఇంకా 20 గంటలు కూడా తిరగని ఇంజన్. పైపు తెప్పించి టార్చి వేసి చూస్తే మొదటి వంపు దగ్గర వెంట్రుకంత పగులు. అది వెల్డు మీద లేదు. వెల్డుకు మూడు మిల్లీమీటర్ల పక్కన, దాని వెంబడే సాగింది. లోపల కూడా వెల్డు నున్నగా ఉంది, వెల్డుకు గాలి తగలకుండా వదిలే ఆర్గాన్ గ్యాస్ బాగా పట్టింది.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, "ఆటోనగర్ వెల్డింగ్ ఇంతేలెండి" అని ఒకాయన నా ముందే అన్నారు. మా నాన్న ఫిషింగ్ హార్బర్ బోట్లకు సైలెన్సర్లు కట్టిన రోజుల నుంచి మా చేతి వెల్డు విడిపోయిందన్న మాట మేం పడలేదు. ఇప్పుడూ పడను. తప్పు పైపులో ఉంది.

రోటరీ ఇంజన్‌కి ఎగ్జాస్ట్ వాల్వ్ ఉండదు. పిస్టన్ బదులు తిరిగే రోటర్ మొన పోర్టు (పొగ బయటికి పోయే రంధ్రం) దాటగానే, ఇంకా మండుతున్న గ్యాస్ ఒక్కసారిగా పైపులోకి వచ్చి పడుతుంది. రెండు రోటర్లు కాబట్టి షాఫ్టు ఒక చుట్టు తిరిగితే రెండు దెబ్బలు, 6000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 200. గ్యాస్ వేడి 900 డిగ్రీలు దాటుతుంది. మీటరు పైపు కాగితే సెంటీమీటరు పైనే సాగుతుంది, స్లిప్ జాయింట్ (ఒకదాంట్లో ఒకటి జారే అతుకు) పెట్టేది అందుకే. ఈ వేడికి మామూలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు నిలవదు. వెల్డు పక్కన అందులోని కార్బన్ క్రోమియంని లాగేసుకుంటుంది, ఆ చోటు బలహీనపడి పగులుతుంది. 321 రకం స్టీలులో టైటానియం కలుపుతారు. ఆ కార్బన్‌ని అదే ముందు పట్టేసుకుంటుంది. నేను అడిగింది 321, డబ్బు కట్టింది 321కి.

వచ్చింది 304. కంటికి తేడా తెలీదు, అయస్కాంతం రెండిటికీ అంటుకోదు. ల్యాబ్‌లో పీఎంఐ గన్ (లోహంలో ఏమేం కలిశాయో చూపే పరికరం) పెట్టిస్తే టైటానియం జాడే లేదు. సర్టిఫికెట్‌లో హీట్ నంబరు (ఉక్కు ఏ విడతలో కరిగించి పోశారో చెప్పే నంబరు) ఒకటి, పైపు మీద ఇంకొకటి. ఆ రెండూ సరిచూసుకోవలసింది నేను. సరుకు ఇచ్చినతనితో 11 ఏళ్ల పరిచయం కదా అని చూడలేదు. ఉక్కునగరం పక్కనే పుట్టి పెరిగి ఉక్కు దగ్గరే మోసపోయాను.

సరుకు ఇచ్చినతనికి ఫోన్ చేస్తే, "304 కూడా మంచిదే అన్నా, వేసెయ్, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. బోటు మీద పైపు పగిలితే ఒడ్డుకు తెచ్చేస్తారు. విమానంలో పగిలితే ఆ మంట పెట్రోల్ పైపు మీద పడొచ్చు. కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తే వాసన కూడా రాదు.

మిగతా 8 సెట్లు ఇంకా పగల్లేదు. పగిలినప్పుడు చూద్దాం అని మా తమ్ముడు అన్నాడు, దానికి ఒప్పుకోలేదు. కానీ ఇంకో ఆలోచన నన్ను మూడు రాత్రులు పడుకోనివ్వలేదు. మొదటి వంపు ఒక్కటే కోసి ఇంకోనెల్ (వేడికి బాగా తట్టుకునే నికెల్ లోహం) వేస్తే, మిగతా 304 అలాగే ఉంచేయొచ్చు. ఖర్చు సగం కూడా కాదు. మొత్తం మార్చాలంటే షాపు ఆరు నెలల సంపాదన పోతుంది. ఎక్కడ కోయాలో పైపు మీద చాక్‌పీసుతో గీత కూడా గీశాను. అప్పుడు గుర్తొచ్చింది, మీ విమానం ఫైల్లో నేనిచ్చిన కాగితం 321 అంటోంది. సగం 304 ఉంచి ఆ కాగితం మీ దగ్గరే ఉండనివ్వలేను. గీత తుడిచేశాను.

షాపులో మిగిలిన 22 మీటర్లనీ జానెడు ముక్కలుగా కోసి తుక్కుకి వేసేశాను. బోట్లకు పనికొస్తుంది కదా అన్నారు. వస్తుంది, కానీ ఆ పైపు నా షాపులో ఉండకూడదు.

కొత్త సెట్లలో మొదటి వంపు ఇంకోనెల్ 625, మిగతాది 321, దానికి 347 ఫిల్లర్ (వెల్డులో కరిగించే తీగ). ప్రతి పైపునీ కోసే ముందే గన్‌తో పరీక్ష చేయించి ఆ రిపోర్టు మీకిస్తాను. వారానికి రెండు సెట్ల కంటే చేయలేను. మాస్టారిది ముందు, తర్వాత ఎక్కువ గంటలు తిరిగినవాళ్లవి. కొత్త ఆర్డర్లు ఈ 9 అయ్యాకే, ధర కూడా పెరుగుతుంది.

సెట్టు విప్పేటప్పుడు పోర్టు దగ్గరి గ్యాస్కెట్ పారేయకండి, తుడవకుండా అలాగే కవర్లో పెట్టి పంపండి. మసి ఎటు పారిందో చూస్తే మీ ఇంజన్ దగ్గర లీకు మొదలైందో లేదో తెలుస్తుంది.