డ్రయ్యర్‌లో అన్ని బట్టలకూ ఒకటే బటన్ పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

ముసురు పట్టిందంటే విజయవాడలో బాల్కనీ దండేల మీద బట్టలు ఓ పట్టాన ఆరవు. అందుకే అపార్టుమెంట్లలో చాలామంది డ్రయ్యర్లు, ఉతికి ఆరబెట్టే మిషన్లు కొంటున్నారు. కొన్నాక బట్టలు ముక్కిన వాసన వస్తున్నాయని, టీషర్టు పొట్టిదైపోయిందని మిషన్‌ను తిట్టుకుంటారు. నిజానికి దుప్పట్లు, చొక్కాలు, జీన్సులు కలిపి కుక్కేసి ఒకటే బటన్ నొక్కడం వల్లే ఈ తంటా అంతా.

సెన్సర్ ఉన్న డ్రయ్యర్లలో డ్రమ్ము లోపల రెండు స్టీలు పట్టీలు ఉంటాయి. తగిలిన బట్టలో ఎంత తడి ఉందో అవే చెబుతాయి. కలగాపులగంగా వేస్తే పల్చటి బట్టలు ముందు ఆరిపోతాయి, మిషన్ పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. అప్పటికి జీన్సు నడుంపట్టీ, జేబుల అడుగు ఇంకా తడే. అలాగే మడిచి బీరువాలో పెడితే వాసన రాక ఏమవుతుంది? బోరు నీళ్ల ఉప్పు, సాఫ్ట్‌నర్ జిడ్డు ఆ పట్టీల మీద పేరుకున్నా లెక్క తప్పుతుంది. అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడవాలి.

ఉతికి ఆరబెట్టే మిషన్లలో 8 కిలోలు ఉతికేది సాధారణంగా 5 కిలోలే ఆరబెట్టగలదు. మిగతావి బయటికి తీయాల్సిందే. చాలా మోడళ్లు ఆవిరిని చల్లార్చడానికి కుళాయి నీళ్లే వాడతాయి. ఉతకడం అయిపోయింది కదా అని కుళాయి కట్టేస్తే బట్టలు గంటలకొద్దీ తిరిగినా ఆరవు.

తువ్వాళ్లు, జీన్సులు 1200 స్పిన్‌లో (నిమిషానికి 1200 చుట్లు) పిండి, కాటన్ సెట్టింగులో ఆరబెట్టండి. జీన్సు తిరగేసి వేయాలి. ఇస్త్రీ చేసే చొక్కాలకు ‘ఐరన్ డ్రై’ పెట్టి, కాస్త చెమ్మ ఉండగానే తీసి హ్యాంగర్‌కు తగిలించాలి. లెగ్గింగులు, సాగే బట్టలకు తక్కువ వేడి చాలు. దుప్పటి ముద్దలా చుట్టుకుని చొక్కాలను లోపల ఇరికించేస్తుంది కాబట్టి వేరుగా వేసి, మధ్యలో ఒకసారి ఆపి విదిలించాలి. పట్టు, జరీ, ఉన్ని, రబ్బరు ఉన్నవి అసలు వేయకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది నూనె. వంటింటి మసిగుడ్డలు, పసిపిల్లలకు నువ్వులనూనె రాసి తుడిచిన గుడ్డలు ఉతికినా కొంత నూనె మిగులుతుంది. వేడెక్కాక అది గాలితో కలిసి తనంతట తానే ఇంకా వేడి పుట్టిస్తుంది. అలాంటివి వేడివేడిగా కుప్ప పోస్తే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని దండెం మీదే ఆరేయండి. చివర్లో మిషన్ చల్లగాలితో తిప్పే కాసేపటిని ఏ బట్టలకైనా మధ్యలో ఆపొద్దు.

డ్రయ్యర్‌లో నూగు పట్టే జాలీని ప్రతిసారీ దులపాలి. అది మూసుకుపోతే గాలి ఆడదు, కరెంటు ఎక్కువ కాలుతుంది. హీటరు 2000 వాట్లకు అటూ ఇటూ లాగుతుంది కనుక ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు.

డెమోకు వచ్చే సిబ్బంది బటన్లు చూపించి వెళ్లిపోకుండా, జాలీ ఎలా తీయాలో, ఎన్ని కిలోలు ఆరబెట్టవచ్చో ఇంట్లోవాళ్ల చేత చేయించి చూపాలని అమ్మకందారులను కోరుతున్నాను.

– గృహోపకరణాల మెకానిక్, పటమట, విజయవాడ