మూడోది ఎందుకంటే

పెర్త్, ఆస్ట్రేలియా

నాన్నకి నమస్కారాలు.

ఇక్కడ బాగానే ఉన్నాను. మొన్న ఫోన్‌లో "సర్వర్లేమైనా గేదెలా, రాత్రుళ్లు కాపలా కాయడానికి?" అని నవ్వావు. కాయితం మీద చదివితేనే నీకు తృప్తి కదా, అందుకే ఈ ఉత్తరం.

పిల్లలు పాఠాలు చదివి పరీక్షలు రాసే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్‌ని మేం నడుపుతున్నాం. అది పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. ఏ మెషీన్ పాడైనా పరీక్ష ఆగకుండా చూడడం నా పని. అందుకని వెబ్ సర్వర్లు రెండు, వాటికి పని పంచే హెచ్ఏప్రాక్సీలు రెండు పెట్టాను. ఒక ప్రాక్సీ పోతే దాని ఐపీ అడ్రస్‌ని, అంటే నెట్‌లో దాని చిరునామాని, కొద్ది సెకన్లలో రెండోది అందుకుంటుంది.

మార్కులన్నీ రాసుకునే డేటాబేస్‌కి మాత్రం రెండు చాలవు. నీకూ చిన్నాన్నకీ మాటల్లేని ఏడాది గుర్తుందా? జీడిపిక్కల లెక్క ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకున్నారు. పలాస వ్యాపారికి ఎన్ని బస్తాలు వేశామో చివరికి తేలనే లేదు. రెండు డేటాబేస్‌ల మధ్య కేబుల్ తెగినా అదే గొడవ. అవతలిది పోయిందనుకుని రెండూ మార్కులు రాసేస్తాయి, తర్వాత కలపడం మన వల్ల కాదు. అందుకే డేటాబేస్‌లన్నిట్లో ఒకే లెక్క ఉండేలా చూసే గలేరా అనే సాఫ్ట్‌వేర్‌తో మూడు పెట్టాను. మూడింట్లో రెండు ఒకదానికొకటి కనబడుతుంటేనే రాస్తాయి. ఒంటరిగా మిగిలింది కలం కింద పెట్టేస్తుంది. ఈ బుద్ధి ఆ ఏడాది మనింట్లో ఎవరికైనా ఉంటేనా!

ఇంత చేసీ ఒకచోట బోర్లాపడ్డాను. పిల్లలు అప్‌లోడ్ చేసే ఫైళ్లన్నీ ఒకే స్టోరేజ్‌లో ఉంచాను. సరిగ్గా పరీక్షల వారంలోనే అది ఆగింది. సర్వర్లన్నీ బతికే ఉన్నాయి, పాఠం మాత్రం తెరుచుకోదు. నాలుగు గంటలు ఒకటే టెన్షన్. అప్పుడు నాకు 2018 అక్టోబరు, తిత్లీ తుఫాను గుర్తొచ్చాయి. బావికి రెండు మోటార్లున్నాయని ధీమాగా ఉండేవాళ్లం. రెంటికీ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. కొబ్బరిచెట్లతో పాటు స్తంభాలూ ఒరిగాక, రోజుల తరబడి అద్దె జనరేటర్ దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డాం. అంత చూసి కూడా ఇక్కడ అదే తప్పు చేశాను.

ఇప్పుడు ఫైళ్లని చాలా మెషీన్లలో పంచి దాచే సెఫ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, మూడు మెషీన్లలో మూడు కాపీలు ఉంచాం. మూడింటికీ కరెంటు లైన్లు కూడా వేర్వేరు. పోయిన వారం పట్టపగలు నేనే ఒకదాని కేబుల్ పీకేశాను. మేనేజర్ మొహం మాడిపోయింది గానీ, పాఠాలు మాత్రం ఆగలేదు.

మన మోటార్లు రెండూ ఇంకా అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నాయని తమ్ముడు చెప్పాడు. చిన్న జనరేటర్‌కి డబ్బులు వేస్తున్నాను. వాటిని అమ్మ చీటీపాటకి మళ్లించకుండా చూడు.

నీ పెద్దోడు