ప్లేఆఫ్స్ ఎందుకని అడిగినవాళ్లకి

అందరికీ నమస్తే. నిన్న గ్రూపులో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ గురించి ఒకరు "లీగ్‌లో ఫస్ట్ వచ్చినోళ్లకే కప్పు ఇచ్చేయొచ్చుగా, మళ్లీ ఈ ప్లేఆఫ్స్ ఎందుకండీ?" అని అడిగారు. ప్లేఆఫ్స్ అంటే లీగ్ అయ్యాక పై స్థానాల టీములు కప్పు కోసం ఆడే నాకౌట్ మ్యాచ్‌లు. న్యాయమైన ప్రశ్నే. కానీ అలా ఇచ్చేసి ఉంటే 2022లో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ కప్పు వచ్చేదే కాదు!

ఆ సీజన్‌లో జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో టాప్, లీగ్‌లో ఫస్ట్ వచ్చినోళ్లకిచ్చే షీల్డ్ వాళ్లదే. మనం 38తో రెండో స్థానం. సెమీస్‌లో జంషెడ్‌పూర్‌ని కేరళ బ్లాస్టర్స్ ఇంటికి పంపింది. మనం మోహన్ బగాన్ మీద మొదటి మ్యాచ్ 3-1 గెలిచి, రెండోది 0-1 ఓడినా, మొత్తం 3-2తో గట్టెక్కాం.

మార్చి 20, గోవాలో ఫైనల్. ఫాతోర్డా స్టేడియమంతా కేరళ వాళ్ల పసుపే. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ గోల్ కొట్టగానే రిమోట్ ఇచ్చేద్దామనుకున్నా (ఇంట్లో అప్పటికే సినిమా పెట్టమని గోల). 88లో మన సాహిల్ తవోరా వాలీ (బంతి నేల తాకకముందే కొట్టిన షాట్)తో గోల్! స్కోరు 1-1. ఎక్స్‌ట్రా టైమ్‌లోనూ తేలలేదు. ఇక పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి గోడలా నిలబడి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనదే. నా గొంతు రెండ్రోజులు రాలేదు.

తర్వాతి సీజన్‌లో ప్లేఆఫ్స్‌కి ఆరు టీములు వెళ్లాయి. మొదటి రెండూ నేరుగా సెమీస్‌కి. మిగతా రెండు సెమీస్ స్థానాల కోసం 3-6, 4-5 స్థానాల వాళ్లు ఒక్క మ్యాచ్‌తో తేల్చుకున్నారు. 2023లో మళ్లీ అదే మోహన్ బగాన్, మళ్లీ సెమీస్... రెండు మ్యాచ్‌లూ 0-0, ఈసారి పెనాల్టీల్లో మనమే పోయాం. అది వదిలేద్దాం.

ఆ రోజు ఫాతోర్డా వెళ్లినవాళ్లు గ్రూపులో ఉంటే ఫొటోలు పెట్టండి. గుడ్ మార్నింగ్ పువ్వులు కాసేపు ఆపి!