గోల్ఫ్‌లో ‘ఊపు’కూ ఒక లెక్క ఉంది

సంపాదకులు గారికి,

స్కాటీ షెఫ్లర్ వంటి గోల్ఫ్ ఆటగాడు వరుసగా రెండు టోర్నీలు గెలిచేసరికి ‘మంచి ఊపు మీదున్నాడు కాబట్టి తర్వాతదీ ఆయనదే’ అని క్రీడా పేజీల్లో రాయడం పరిపాటి అయింది. నా అభ్యంతరమంతా ఆ ‘కాబట్టి’ మీదే.

టైగర్ వుడ్స్ 1998 నుంచి 2005 దాకా 142 టోర్నీల్లో వరుసగా కట్ (తొలి రౌండ్ల తర్వాత వెనకబడినవారిని తప్పించే గీత) దాటాడు. ఒక్కో టోర్నీలో కట్ దాటే అవకాశం నూటికి 95 అనుకుంటే, అంత పొడవైన వరుస సాధ్యమయ్యేది వెయ్యింట ఒక వంతుకంటే తక్కువ. అదే 99 అనుకుంటే దాదాపు నాలుగింట ఒక వంతు. అంటే ఈ రికార్డుకు ఊపు కారణమని చెప్పనక్కరలేదు, తరగని నైపుణ్యమే చాలు. (ఆ టోర్నీల్లో కొన్నింటికి అసలు కట్ అన్నదే లేదన్నది వేరే సంగతి.)

అలాగని ఊపు ఉత్త భ్రమ అనడమూ తొందరపాటే. బాస్కెట్‌బాల్ షాట్లను పరిశీలించిన పరిశోధకులు గిలోవిచ్, వాలోన్, ట్వర్‌స్కీ 1985లో అది భ్రమేనని తేల్చారు. వారి పద్ధతిలోని పొరపాటును మిల్లర్, సంహుర్హో 2018లో చూపించారు. నాణేన్ని మూడుసార్లు ఎగరేస్తే రాగల ఎనిమిది వరుసలనూ కాగితం మీద రాసి, ఒక్కోదానిలో బొమ్మ వెంటనే మళ్లీ బొమ్మ పడిన నిష్పత్తి కట్టి, మొదటి రెండుసార్లూ బొమ్మే పడక లెక్కకు అందని రెండింటినీ వదిలేసి సగటు తీయండి. సగం వస్తుందనుకుంటాం, వచ్చేది పన్నెండింట ఐదు వంతులే! ఆటగాడి షాట్లను లెక్కించినా ఇదే తరుగు పడుతుంది కనుక, ఉన్న ఊపు కూడా లేనట్టే కనిపిస్తుంది.

గోల్ఫ్‌లో అడ్డుపడే ప్రత్యర్థి లేకపోయినా, మైదానం, గాలి, జెండా చోటు రోజుకోలా ఉంటాయి. అందుకే పరిశోధకులు కనోలీ, రెండిల్‌మన్ 1998–2001 నాటి పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు) స్కోర్లలో ముందుగా నైపుణ్యాన్ని, మైదాన ప్రభావాన్ని విడదీసి, మిగిలినదానిలోనే వరుసల కోసం వెతికారు. ఆ జాడ కొద్దిమందిలోనే కనిపించింది. తన మామూలు ఆటతోనే టోర్నీ గెలవడం అరుదనీ, అదృష్టమూ కలిసి రావాలనీ తేలింది. వారం వారం వందమందికి పైగా ఆడేచోట ఎవరో ఒకరికి వరుస విజయాలు తగలడంలో వింతేముంది?

కాబట్టి విజయాల వరుసతో పాటు, ఆ ఆటగాడి రెండేళ్ల ‘స్ట్రోక్స్ గెయిన్డ్’ (తోటి ఆటగాళ్లతో పోలిస్తే ఎన్ని దెబ్బలు ఆదా చేశాడన్న లెక్క) సగటునూ పక్కనే ముద్రించవలసిందిగా మీ క్రీడా విభాగానికి నా మనవి.

భవదీయుడు,
గణాంక శాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
గుంటూరు.