చిన్న కారుకు చిన్న గీత గీయండి

అయ్యా,
కర్నూలు బుధవారపేటలో ఉంటాను. 2011లో కొన్న టాటా నానోనే ఇప్పటికీ మా ఇంటి బండి. వెనకాల 624 సీసీ ఇంజన్, రెండే సిలిండర్లు. పెట్రోల్ పోయించాలంటే ముందు బానెట్ ఎత్తాలి. బంకులో కొత్త కుర్రాళ్లు మూత కోసం బండి చుట్టూ తిరుగుతారు. మే నెల ఎండలో, మోకాళ్ల నొప్పులున్న నా భార్యను పాతబస్తీ సందుల్లోంచి డాక్టరు గుమ్మం దాకా తీసుకెళ్లేది ఇదే. ఆ సందుల్లోకి పెద్ద కారు తెచ్చినవాళ్లు రివర్సులో బయటికి రావడానికి పడే అవస్థ రోజూ చూస్తున్నాను.

పోయిన వారం ఒక షాపింగ్ కాంప్లెక్స్ ముందు స్కూటర్ల పక్కన ఖాళీ ఉన్నా, కార్లు కూడదని నన్ను పంపేశారు. ఎక్కడో దూరంగా ఆపి, ఆమెను ఎండలో నడిపించాల్సి వచ్చింది. చాలా బాధేసింది.

పన్ను లెక్కలో 4 మీటర్లకు మించని కార్లకు తగ్గింపు ఉంది. నానో పొడవు 3.1 మీటర్లే. మిగిలే ఆ 90 సెంటీమీటర్లలో ఒక స్కూటర్ పడుతుంది. కొండారెడ్డి బురుజు, రాజ్‌విహార్ సెంటర్ల దగ్గర పార్కింగ్ గీతలు గీసేటప్పుడు చిన్న కార్లకు విడిగా కొన్ని గీయించాలని అధికారులను కోరుతున్నాను.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు