బోర్డు ప్రింటుకు ఇచ్చే ముందు

లండన్

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో దాచకుండా రాయి.

హాస్టల్ బోర్డు డిజైన్ చూశాను. కావలి ట్రంకు రోడ్డులో మన బోర్డు లేస్తుందంటే చాలా సంతోషంగా ఉంది. అయితే ‘రూమ్'స్ అవైలబుల్’ అన్నచోట ఎస్‌కు ముందు ఆ పైన కామా, అదే అపాస్ట్రఫీ, తీయించు. గదులు ఎక్కువున్నాయని చెప్పడానికి ఎస్ ఒక్కటే చాలు. మన దగ్గర టిఫిన్స్, టైర్స్, ఏ బోర్డుకైనా అది తగిలించేస్తారు. ఇక్కడి కూరగాయల అంగళ్లలోనూ ఇదే తంతు. ఆ తప్పుకు ‘గ్రీన్‌గ్రోసర్స్ అపాస్ట్రఫీ’ అని పేరే పడిపోయింది.

‘గర్ల్'స్ హాస్టల్’ దగ్గర మాత్రం గుర్తు చోటు మారాలి. అలా ఎల్ పక్కన పెడితే ఒకే అమ్మాయి హాస్టల్ అని అర్థం. ‘గర్ల్స్'’ అని ఎస్ తర్వాత పెడితే అమ్మాయిలందరిదీ. అదే ‘విమెన్'స్’ అని రాయిస్తే ఎస్‌కు ముందే ఉండాలి, ఎందుకంటే విమెన్ అంటేనే చాలామంది.

అసలు ఆ గుర్తు అక్షరం జారిపోయిన చోట పెట్టేది. 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. డు నాట్‌ను డోంట్ అన్నప్పుడు పోయిన ‘ఓ’ బదులు నిలబడుతుంది. ఫలానా వాళ్లది అని చెప్పడానికి పాత ఇంగ్లీషులో చాలా మాటలకు చివర ‘ఈ ఎస్’ చేర్చేవాళ్లు. తర్వాత ఆ ‘ఈ’ కూడా పోయింది, దాని బదులు ఈ గుర్తు నిలబడింది.

పాంప్లెట్‌లో ‘విత్ ఇట్'స్ ఓన్ మెస్’ అని ఉంది చూడు, అక్కడా ఆ గుర్తు వద్దు. ‘ఇట్ ఈజ్’ అని విడదీసి చదువు, అర్థం కుదిరితేనే గుర్తు పెట్టాలి. హర్స్, అవర్స్, యువర్స్‌కు ఎలా లేదో దీనికీ అంతే.

ఇంత పట్టింపెందుకక్కా అంటావేమో. నిజమే, ఇక్కడి మెట్రో రైలు పికడిల్లీ లైన్‌లో ఎర్ల్స్ కోర్ట్ స్టేషన్‌కు ఆ గుర్తుంది, పక్కనే ఉన్న బేరన్స్ కోర్ట్‌కు లేదు. బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2009లో వీధి బోర్డుల మీద దాన్ని వదిలేస్తున్నట్టు చెప్పింది. పేర్ల విషయంలో అలా వదిలేసినా చెల్లుతుంది. గర్ల్స్ హాస్టల్ అని ఏ గుర్తూ లేకుండా రాయించినా నాకు అభ్యంతరం లేదు. తప్పు చోట పెట్టడం కంటే అదే మేలు. చదువుకునే పిల్లలు రోజూ చూసే బోర్డు అది, కంటికి అలవాటైందే పరీక్షలోనూ రాస్తారు.

మార్చిన డిజైన్ వాట్సాప్‌లో పెట్టు. నేను చూశాకే ప్రింటుకు ఇవ్వు. ఫోన్ నంబరు కూడా చిన్నగా ఉంది, పెంచమను.

ఇట్లు,
మీ అక్క