డిశ్చార్జి చీటీలో ఇంటివాళ్లకు చోటేదీ?

సంపాదకులకు నమస్కారం.

తాగుడు మాన్పించే డీఅడిక్షన్ వార్డుల్లో పడకలు పెంచాలని అందరూ అంటున్నారు. పెంచాల్సిందే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. దాని ప్రకారం మద్యం విషయంలో సాయం అవసరమైనవాళ్లు దేశంలో 5.7 కోట్ల మంది. తాగుడుకు బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆ ఒక్కరూ ఇంటికొచ్చాక ఏమవుతున్నారని ఎవరూ అడగరు. మా తమ్ముడు అలాంటివాడే కాబట్టి నేను అడుగుతున్నాను.

రెండేళ్ల కిందట వాణ్ణి ఒక ప్రైవేటు సెంటర్లో నెల రోజులు ఉంచాం. వచ్చేటప్పుడు బిల్లు, మాత్రల చీటీ చేతిలో పెట్టారు. ఆ నెలలో మా మరదల్ని పిలిచి ‘నీకెలా ఉందమ్మా’ అన్నవాళ్లు లేరు. తొమ్మిదేళ్ల పిల్లాడి సంగతి సరేసరి. బండి స్టాండు వేసిన చప్పుడును బట్టి నాన్న తాగొచ్చాడో లేదో చెప్పేసేవాడు వాడు. చప్పుడు గట్టిగా వినిపిస్తే పుస్తకాలు పట్టుకుని పక్కింటి మెట్ల మీదికి చేరేవాడు. తండ్రి మానేసి వచ్చాక కూడా అదే అలవాటు. మరదలు రోజూ జేబులు వెతికేది. పదకొండేళ్లు అబద్ధాలు విన్న మనిషి, ఆమెననలేను. ‘కన్నకొడుకే నమ్మకపోతే మానడం ఎందుకక్కా’ అన్నాడు తమ్ముడు ఒకరోజు. మూడో నెలలో మళ్లీ మొదలుపెట్టాడు.

ఇంట్లో ఉండాల్సిన ఈ నమ్మకం మీద పెద్ద శాస్త్రమే ఉంది. కష్టమొస్తే పరుగెత్తుకెళ్లడానికి ఒక మనిషి ఉన్నారన్న ధీమా పసితనంలోనే కుదరాలని బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ చెప్పాడు. అది కుదరని వాళ్లలో కొందరు ఎక్కడ వదిలేస్తారోనని అంటిపెట్టుకుంటారు, కొందరు ఎవరూ అక్కర్లేదన్నట్టు ముఖం తిప్పుకుంటారు. వ్యసనాల్లో పడ్డవాళ్లలో ఈ ధోరణులు ఎక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది. మనిషి దగ్గర దొరకని ఊరటను సీసాలో వెతుక్కుంటారన్నమాట. ఇది చదివి ‘చూశారా, తల్లి పెంపకమే’ అనకండి. ఆడవాళ్ల మీద నెట్టేయడానికి మనకు కొత్త సాకులేం అక్కర్లేదు. వంశపారంపర్యం ఉంది, సావాసాలున్నాయి, వీధి చివర బెల్టు షాపుంది. ఆ ధీమా పెద్దయ్యాక కూడా కుదరొచ్చని కూడా ఆ శాస్త్రమే చెబుతోంది.

అంత దూరం ఎందుకు, మా తమ్ముడు కొన్నేళ్లు అయ్యప్ప మాల వేశాడు. 41 రోజులు చుక్క ముట్టేవాడు కాదు. భక్తే అనుకునేదాన్ని. కానీ ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ ‘స్వామీ’ అని పిలిచేవాళ్లం, పిల్లాడు పక్కన కూర్చునేవాడు, జేబుల జోలికి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. మాలతో పాటు ఆ మర్యాద కూడా తీసేసేవాళ్లం.

గోడల మీద ‘వారికి తెలియకుండానే తాగుడు మాన్పిస్తాం’ అన్న ప్రకటనలు చూసి మరదలు ఒకసారి ఏదో పొడి తెచ్చింది. నేనే పారబోయించాను. అందులో ఏముందో ఎవరికి తెలుసు? తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్రే వేసుకుని తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే రావడం. అందుకే దాన్ని రోగికి చెప్పకుండా ఇవ్వకూడదు. అన్నంలో ఏం కలిపిందోనని భార్యను అనుమానించే మనిషి ఆ ఇంట్లో ఏం కుదుటపడతాడు?

ఈసారి చికిత్సకు వెళ్తే ఒక ప్రభుత్వాసుపత్రి డాక్టరు తమ్ముణ్ణి, మరదల్ని, పిల్లాణ్ణి ముగ్గుర్నీ కూర్చోబెట్టారు. రోజూ ఇంటికి బయల్దేరే ముందు పిల్లాడికి ఫోన్ చెయ్యమని తమ్ముడికి ఒక చిన్న పని చెప్పారు. ఏడు నెలలైంది. స్టాండు చప్పుడుకు పిల్లాడు ఇప్పటికీ తలెత్తుతాడు, లేచి మాత్రం వెళ్లడం లేదు.

ఇది డాక్టరు మంచితనం మీద ఆధారపడకూడదు. భర్తను తాగుడు వల్ల పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో మొదలుపెట్టిన సంస్థ కుటుంబాలకు విడిగా కార్యక్రమం నడుపుతోంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రతి కేంద్రంలో అలాంటిది తప్పనిసరి చేయాలి. కూలికెళ్లే ఆడవాళ్లు పొద్దున ఓపీకి రాలేరు కాబట్టి ఆదివారం పెట్టాలి. తాగే మనిషి రానన్నా ఇంటివాళ్లు రావచ్చని బయట బోర్డు మీద పెద్దక్షరాలతో రాయాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి